ఇద్దరు తోడికోడళ్ళు, ఒక వంటిల్లు

2023 ఫిబ్రవరి. ఆ నెలలో గుంటూరులో ఏ వీధిలో నిలబడినా గాలిలో మిరపకాయ ఘాటు తగులుతుంది. మిర్చి యార్డుకు వెళ్ళే లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. నేను పనిచేసే క్లినిక్ ఆ దారికి దూరమే అయినా, బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు. ముందు గది న్యూరాలజిస్టు గారిది, వెనక గది నాది. నా గదిలో పెద్ద యంత్రాలేమీ ఉండవు. మంచం, బల్ల, గ్యాస్ పొయ్యి, నాలుగు గిన్నెలు, తలుపు గొళ్ళెం బిగించిన చెక్క, తాళంకప్ప, హుక్కులున్న జాకెట్టు. కొత్తగా వచ్చినవాళ్ళు తలుపు తీసి, పొరపాటున ఎవరింట్లోకో వచ్చామేమోనని వెనక్కి తగ్గుతారు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఈ పేరు చెప్పగానే "అంటే ఉద్యోగాలు ఇప్పిస్తారాండీ?" అని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. మా చదువులో ఆక్యుపేషన్ అంటే జీతం వచ్చే ఉద్యోగం కాదు. పొద్దున లేచింది మొదలు మనిషి తన కోసం, తనవాళ్ళ కోసం చేసుకునే ప్రతి పనీ ఆక్యుపేషనే. మొహం కడుక్కోవడం, స్నానం, బట్టలు, తిండి, ఇంట్లో అటూ ఇటూ తిరగడం, వీటిని ఏడీఎల్ అంటాం, అంటే రోజువారీ పనులు. పక్షవాతం వచ్చినా, ప్రమాదం జరిగినా, మతిమరుపు జబ్బు వచ్చినా మొదట దెబ్బ తగిలేది వీటికే. వాటిని మళ్ళీ మనిషి చేతికి ఎంతవరకు అందించగలమో చూడటం నా పని.

ఆ రోజు డాక్టరు గారు ఇద్దరు ఆడవాళ్ళను నా దగ్గరకు పంపించారు. "మందు రాశాను. మందుతో అయ్యేది కొంతే. రోజు ఎలా గడవాలో మీరు చూడండి" అన్నారు ఫోనులో.

వచ్చినవాళ్ళు తోడికోడళ్ళు. పెద్దావిడ కోటేశ్వరమ్మ గారు, డెబ్భైకి అటూ ఇటూగా ఉంటారు. చిన్నావిడ రత్నం గారు, అరవై దాటి ఉంటారు. పర్చూరు దగ్గర పల్లెటూరు. ఇద్దరి భర్తలూ, అంటే ఆ అన్నదమ్ములిద్దరూ, పోయారు. ఇంటి కింది భాగంలో వీళ్ళిద్దరే ఉంటారు. పైన డాబాలో కోటేశ్వరమ్మ గారి కొడుకు శ్రీనివాసరావు గారి కాపరం. మిరప, పత్తి పండించే పొలం పనంతా ఆయనదే. కోటేశ్వరమ్మ గారికి అల్జీమర్స్ మొదటి దశ అని డాక్టరు గారు చీటీలో రాశారు.

"పెద్దమ్మగారూ, పొద్దున ఏం తిన్నారండీ?" అని అడిగాను.

"ఇడ్లీ అండీ" అన్నారు రత్నం గారు.

"ఎన్ని గంటలకు లేచారు?"

"చీకటితోనే లేచుద్దండి. లేచి గేటు కాడికి పోద్ది."

మంచినీళ్ళ సీసా కోటేశ్వరమ్మ గారి ముందు పెట్టాను. ఆమె చెయ్యి కదిలే లోపే రత్నం గారు మూత తీసి అందించారు. ఆమె తాగలేదు. సీసా పక్కన పెట్టి, నా వైపు తిరిగి, "నన్నడిగితే నేను చెప్పనా? అన్నిటికీ ఇదే చెప్పుద్ది" అన్నారు. కోపంగా అనలేదు. అలిసిపోయిన గొంతుతో అన్నారు. రత్నం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జరిగిందేమిటో ఆవిడే చెప్పారు. ముందటి వర్షాకాలంలో పాలు పొయ్యి మీద పెట్టి కోటేశ్వరమ్మ గారు వీధిలోకి వెళ్ళిపోయారు. గిన్నె నల్లగా మాడి, ఇల్లంతా పొగ నిండింది. ఇంకోసారి మంట ఆరిపోయినా గ్యాస్ వస్తూనే ఉంది. శ్రీనివాసరావు గారు భయపడి, అమ్మ పొయ్యి దగ్గరకు రాకూడదన్నారు. తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె పొలానికని బయలుదేరి బస్టాండులో కూర్చుని కనిపించారు. అప్పటి నుంచి గేటుకు తాళం. బీరువా తాళాలు ఎక్కడో పెట్టి రత్నం తీసిందని గొడవ పెడితే, ఆ తాళాలు కూడా తీసేసుకున్నారు. జారిపడుతుందేమోనని స్నానం రత్నం గారే చేయిస్తున్నారు. చీర కూడా ఆవిడే కడుతున్నారు.

"అన్నీ నేనే చేస్తున్నానండీ. అయినా రోజు రోజుకీ దిగజారిపోతుంది. మొన్నటిదాకా జాకెట్టు తనే తొడుక్కునేది. ఇప్పుడు చేతులు చాపి నిలబడుద్ది. మందు పని చెయ్యట్లేదా అండీ?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మందు తప్పేమీ లేదని చెప్పి, ఇంటికి వచ్చి చూస్తానన్నాను. మతిమరుపు కేసుల్లో క్లినిక్‌లో చూసింది సగమే. ఆ మనిషికి తెలిసిన పొయ్యి, తెలిసిన గడప, తెలిసిన దండెం దగ్గర చూడాలి.

తర్వాతి వారం పెదనందిపాడు మీదుగా వెళ్ళే బస్సెక్కాను. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి. ఎక్కడ చూసినా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు. గేటు తాళం తీసి రత్నం గారు లోపలికి పిలిచారు. ఆ పొద్దుటంతా నేను చేసిందల్లా వంటింటి మూల స్టూలు మీద కూర్చుని చూడటమే.

స్నానాల గది నుంచి కోటేశ్వరమ్మ గారి అరుపు వినిపించింది. "నేనేమన్నా పసిపిల్లనా? వదులు చెయ్యి!" తర్వాత చెంబు నేల మీద పడిన చప్పుడు. తడి చీరతో బయటకు వచ్చిన రత్నం గారికి నా ముఖం చూడటానికి మొహమాటంగా ఉంది. "రోజూ ఇంతేనండీ" అన్నారు.

నేను ఒక్క చిన్న ప్రయోగం చేస్తానన్నాను. ఉతికిన బట్టలు మంచం మీద వరసగా పరిచాను. లంగా, దాని పక్కన జాకెట్టు, చివర్న చీర. కోటేశ్వరమ్మ గారి చేతికి లంగా ఇచ్చి, బొందు మీద ఆమె వేలు పెట్టి వదిలేశాను. ఆమె కాసేపు అలాగే నిలబడ్డారు. రత్నం గారి చెయ్యి ముందుకు వచ్చింది. "ఆగండి" అన్నాను. ఆ నిశ్శబ్దం మాకిద్దరికీ చాలాసేపనిపించింది. ఆ తర్వాత కోటేశ్వరమ్మ గారి వేళ్ళు కదిలాయి. బొందు బిగించారు. జాకెట్టు తీసుకుని తొడుక్కున్నారు, హుక్కుల్లో ఒకటి అటూ ఇటూ అయింది. చీర కుచ్చెళ్ళు పోసేటప్పుడు మాత్రం ఆమె అసలు కిందికి చూడనే లేదు. ఎదురుగా గోడ మీది క్యాలెండరు చూస్తూ, వేళ్ళ మధ్య మడతలు పెట్టి బొడ్డులో దోపేశారు.

రత్నం గారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

ఇందులో మాయ ఏమీ లేదు. జ్ఞాపకం అంతా ఒకే చోట ఉండదు. పొద్దున ఏం తిన్నామన్నది ఒక రకం, అది ఈ జబ్బులో ముందు పోతుంది. ఏళ్ళ తరబడి చేసి చేసి చేతికి అలవాటైన పని ఇంకో రకం, మేము దాన్ని ప్రొసీజరల్ మెమరీ అంటాం. అది చాలా కాలం నిలుస్తుంది. కాకపోతే పని మొదలుపెట్టడం కష్టమవుతుంది. మొదటి మెట్టు ఎక్కడానికి అందించే చిన్న ఆసరాను క్యూ అంటాం. అది మాట కావచ్చు, సైగ కావచ్చు, చేతిలో పెట్టిన వస్తువు కావచ్చు. ఆసరా ఇచ్చాక ఆగాలి. ఆగకుండా మనమే చేసేస్తే ఆ చేతులు పని మరిచిపోతాయి. ఆ ఇంట్లో జరుగుతున్నది అదే. జబ్బు తీసుకున్నది కొంత, ప్రేమతో వీళ్ళు తీసుకున్నది కొంత.

ముందు నేను వస్తువులకు గుర్తులు పెట్టాలని చూశాను. బొమ్మలు గీసి, పేర్లు రాసిన కాగితాలు డబ్బాలకూ తలుపులకూ అంటించాం. మరుసటి వారం వెళ్ళేసరికి ఒక్కటీ లేదు. "ఇల్లు బడి చేసిందమ్మా ఎవరో. నా ఇంట్లో నాకు కాగితాలేంది?" అని కోటేశ్వరమ్మ గారు అన్నీ పీకేశారట. ఆమె అన్నది సబబే. కాగితాలు మానేసి, టీ పొడి, పంచదార గాజు సీసాల్లోకి మార్చాం. లోపల ఏముందో కంటికి కనిపిస్తే చదవాల్సిన పని లేదు. అల్మరా తలుపులు ఊడదీయించాం. స్నానాల గది తలుపుకు పసుపు రంగు వేయించాం. పక్కనున్న సామాన్ల గదిలోకి వెళ్ళి తికమకపడటం దానితో చాలావరకు ఆగింది.

వంట దగ్గరే చిక్కు వచ్చింది. కోటేశ్వరమ్మ గారికి అన్నిటికంటే ముఖ్యమైన పని ఏదని అడిగితే ఇంట్లో అందరూ వంటే అన్నారు. ఆమెను అడిగితే, "పొయ్యి దగ్గరికి రానియ్యరు. ఇంక నేనెందుకు?" అన్నారు. అయినా ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెడదామన్న ప్రతిసారీ రత్నం గారు ఏదో అడ్డం చెప్పేవారు. ఇవాళ పాలు లేవు. ఇవాళ గ్యాస్ తక్కువగా ఉంది. ఇవాళ అక్క చికాకుగా ఉంది.

ఒక సాయంత్రం బస్సుకు ఇంకా టైముండగా, వసారాలో ఇద్దరమే కూర్చున్నాం. కోటేశ్వరమ్మ గారు లోపల పడుకుని ఉన్నారు. రత్నం గారు చీర అంచు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా మొదలుపెట్టారు.

"ఒక మాట చెప్తానమ్మా, తప్పుగా అనుకోబాక. నేను కాపరానికి వచ్చిన రోజు నుంచీ ఆ వంటింట్లో అక్క మాటే మాట. పప్పులో ఏం ఎయ్యాలో అక్కే చెప్పుద్ది. ఎవరికి ఎంత పెట్టాలో అక్కే చెప్పుద్ది. చెడ్డది కాదు. నా కాన్పులప్పుడు పథ్యం వండి పెట్టింది తనే. కానీ నాకంటూ ఒక్క కూర నా ఇష్టానికి వండుకుని ఎరగను. అక్కకి ఇట్టా అయినాక పొయ్యి నా చేతికొచ్చింది. మొదటి రోజు దోసకాయ పప్పు నాకు నచ్చినట్టు పులుపు తగ్గించి వండుకున్నా. బాగుందనిపించింది. అక్కకి జబ్బు చేస్తే నాకు బాగుండటమేంటని ఆ రోజంతా ఏడ్చా. ఇప్పుడు మళ్ళీ వంటిల్లు తనకియ్యమంటున్నావు. ఎట్టా చెప్పను నీకు?"

పుస్తకాల్లో కేర్‌గివర్ బర్డెన్ అని ఒక మాట ఉంది. రోగిని చూసుకునేవాళ్ళ మీద పడే బరువు. దాన్ని కొలవడానికి ప్రశ్నలు కూడా ఉన్నాయి. అందులో ఏ ప్రశ్నకూ ఇలాంటి జవాబు వస్తుందని ఎవరూ చెప్పలేదు.

"వంటిల్లంతా ఇవ్వమనట్లేదండీ. కూర మీదే. టీ ఒక్కటి పెద్దమ్మగారికి ఇద్దాం" అన్నాను.

రత్నం గారు తలెత్తి చూశారు. "టీ ఒకటే?"

"టీ ఒకటే. పప్పులో పులుపు ఎంత ఉండాలో మీ ఇష్టం."

ఆవిడ నవ్వారు. ఆ ఇంట్లో ఆవిడ నవ్వడం చూసింది అదే మొదటిసారి. "అయితే సరే. పాలు నేను తెప్పిస్తాలే" అన్నారు.

శ్రీనివాసరావు గారిని ఒప్పించడం అంత తేలిక కాలేదు. పొలం నుంచి కండువాతో చెమట తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. "మీరు వారానికోసారి వచ్చి పోతారు మేడమ్. ఇల్లంటుకుంటే నేనేం జేసేది? పిన్నికి కూడా ఓపిక అయిపోయింది. వాళ్ళ అమ్మాయి పొన్నూరు రమ్మంటుంది. పిన్ని వెళ్ళిపోతే అమ్మనెవరు చూస్తారు? విజయవాడలో ఇలాంటివాళ్ళని ఉంచుకునే హోమ్ ఒకటి ఉందన్నారు, పోయి మాట్లాడొచ్చాను. ఈ కోత అయిపోయేదాకా చూస్తా. ఆ తర్వాత నన్నేం అనొద్దు."

ఆయన మాటల్లో కాఠిన్యం లేదు. భయం ఉంది. అందుకని భయానికే జవాబు చెప్పాను. టీ పెట్టడాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఎక్కడ తప్పు జరుగుతోందో చూశాను. దీన్ని టాస్క్ అనాలిసిస్ అంటాం. కోటేశ్వరమ్మ గారు గిన్నె పెడతారు, నీళ్ళు పోస్తారు, పొయ్యి వెలిగిస్తారు, ఆపుతారు. అన్నీ వచ్చు. మధ్యలో ఎవరైనా పిలిస్తేనే దారం తెగిపోతుంది. బయటకు వెళితే పొయ్యి సంగతి మనసులో ఉండదు. కాబట్టి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాం. పొయ్యి మీద టీ ఉండగా కోటేశ్వరమ్మ గారిని ఎవరూ పిలవకూడదు. రత్నం గారు గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటారు. సాయం చెయ్యరు, సలహా చెప్పరు, అక్కడ ఉంటారంతే.

"ఊరికే కూర్చోటం ఇంత కష్టమా!" అన్నారు రత్నం గారు మొదటి రోజు. అది ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం.

ఇంకా ఒకటి మిగిలింది. ఇంట్లో ఎన్ని చేసినా కోటేశ్వరమ్మ గారి కళ్ళు గేటు వైపే ఉండేవి. ఆమె ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారని అడిగితే, "కాయ ఎండిందో లేదో చూడొద్దా?" అన్నారు. పెళ్ళయిన నాటి నుంచీ ప్రతి కోతకూ ఆమె కల్లంలోనే ఉండేవారట. బస్టాండులో కనిపించిన రోజు కూడా ఆమె బయలుదేరింది అక్కడికే. దారిలో ఎక్కడో తప్పారు.

కల్లం ఊరి చివర, ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. మెడలో గొలుసుకు ఇంటి ఫోను నంబరున్న చిన్న బిళ్ళ వేయించి, రత్నం గారితో కలిసి వెళ్ళమన్నాం. నేను వెళ్ళిన రోజుల్లో నేనూ నడిచాను. తిరిగి వచ్చేటప్పుడు మొదట కొన్నాళ్ళు దారి మేమే చెప్పాం, అది అలవాటయ్యాక ఆమెనే అడిగేవాళ్ళం. బోరింగు పంపు దగ్గరకు రాగానే, "ఇప్పుడెటు అక్కా?" అనేవారు రత్నం గారు. "నీకు తెలవదా? చర్చి గోడెంబడి" అని విసుక్కునేవారు ఆమె. ఆ గోడ చివర ఇల్లు కనిపిస్తుంది. రోజూ అదే దారి, అవే గుర్తులు. తప్పు దారి పట్టే అవకాశం ఇవ్వకుండా నేర్పడాన్ని ఎర్రర్‌లెస్ లెర్నింగ్ అంటాం. మతిమరుపు ఉన్నవాళ్ళు తప్పు చేసి దిద్దుకోలేరు, తప్పే గుర్తుండిపోవచ్చు. అందుకే మొదటి నుంచీ సరైన దారిలోనే నడిపించాలి.

కల్లంలో ఆమెను చూడాలి. మంచి కాయ నుంచి తెల్లబారిన తాలుకాయ ఏరే ఆడవాళ్ళ మధ్య పీట వేసుకుని కూర్చుంటే, ఆమె జబ్బు మనిషని ఎవరూ అనుకోరు. చెయ్యి కాయల మీద అలా పోతూ ఉంటుంది, తాలు పక్కకు పడుతూ ఉంటుంది. నాకేమో దగ్గు ఆగేది కాదు. "ఈ పిల్లకి కాస్త మంచినీళ్ళియ్యండే" అనేవారు. పక్కన కూర్చున్న మేరీ అనే ఆవిడను "మీదే ఊరు?" అని పదే పదే అడిగేవారు. మేరీ ప్రతిసారీ అప్పుడే మొదటిసారి విన్నట్టు, "ఇంకొల్లు అమ్మా" అని చెప్పేది. ఎవరూ నేర్పకుండానే మేరీకి ఆ ఓర్పు ఎక్కడి నుంచి వచ్చిందో!

అన్నీ సాఫీగా సాగాయని చెప్పను. ఒక వారం ఆమె స్నానానికి ససేమిరా అన్నారు. ఒకరోజు టీలో పాలకు బదులు మజ్జిగ పోశారు. ఇంకొక రోజు రత్నం గారిని, "నువ్వెవరే, నా ఇంట్లో?" అని అడిగారు. ఆ రాత్రే రత్నం గారు బట్టలు సర్దుకున్నారట. పొద్దున్నే గడప దగ్గరకు వస్తే, కోటేశ్వరమ్మ గారు రెండు గ్లాసులు పెట్టుకుని, "యాడికి పోయావే, చల్లారిపోతుంది" అన్నారట. సంచి మళ్ళీ లోపల పెట్టేశానని రత్నం గారు నాకు ఫోనులో చెప్పారు.

మార్చి నెలాఖరులో నేను వెళ్ళిన ఒక మధ్యాహ్నం, మేమంతా కల్లంలో ఉన్నాం. ఉన్నట్టుండి సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకుంది. ఆరిన కాయ మీద వాన పడితే ఏడాది కష్టం నల్లబడిపోతుంది. "పట్టాలు కప్పండ్రా!" అని శ్రీనివాసరావు గారు అరిచారు. కూలీలు, రత్నం గారు, నేను, అందరం టార్పాలిన్ పట్టాలు లాగుతూ, అంచుల మీద రాళ్ళు పెడుతూ పరుగులు తీశాం. చినుకులు పెద్దవయ్యాయి. చివరి పట్టా కప్పి తల తుడుచుకుంటూ చూస్తే పీట ఖాళీగా ఉంది.

"అక్కా!" అని రత్నం గారు పెట్టిన కేక నాకు ఇప్పటికీ గుర్తుంది.

శ్రీనివాసరావు గారు బండి తీసి బస్టాండు వైపు వెళ్ళారు. మేరీ పొలాల వైపు పరుగెత్తింది. రత్నం గారు, నేను ఇంటి దారి పట్టాం. ఎదురుగా ఏమీ కనిపించనంత వాన. "నా చేత్తో నేనే గేటు తాళం తీశా. నేనే బయటికి తెచ్చా" అంటూ ఆవిడ ఏడుస్తూ నడుస్తున్నారు. ధైర్యం చెప్పాల్సినదాన్ని నేను, కానీ ఆవిడ చెయ్యి పట్టుకుని నడక పెంచానంతే. ఆ గేటు తాళం తీయమన్నది నేనే కదా.

వసారాలో తడి పాదాల గుర్తులున్నాయి. మంచం మీద తడి చీర కుప్పగా పడి ఉంది. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. కోటేశ్వరమ్మ గారు పొడి చీర కట్టుకుని, జాకెట్టు తిరగేసి తొడుక్కుని, గరిటె పట్టుకుని నిలబడ్డారు. పొయ్యి మీద ఉన్నది రోజూ టీ పెట్టుకునే చిన్న గిన్నె కాదు. కూలీలకు కాచే పెద్ద తపేలా.

రత్నం గారు గడప మీదే కూలబడిపోయారు. "ఎవరికక్కా ఇంత టీ?"

కోటేశ్వరమ్మ గారు తపేలా వైపు చూసి, కాస్త ఆలోచించారు. "ఏమోనే. ఎందుకో పెద్దది పెట్టాలనిపించింది" అన్నారు.

వాన పడితే కల్లం నుంచి అందరూ తడిసి వస్తారని ఆమె మనసుకు గుర్తు లేదు. ఆమె చేతులకు ఉంది. నేను చదివిన చదువులో ఈ సంగతి ఉంది, పరీక్షల్లో రాశాను కూడా. కళ్ళతో చూడటం వేరు.

ఫోను చేస్తే శ్రీనివాసరావు గారు వచ్చారు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పొయ్యిని, అమ్మను, మమ్మల్ని మార్చి మార్చి చూసి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. కోటేశ్వరమ్మ గారు గ్లాసు ఆయన చేతిలో పెట్టారు. ఒక గుక్క తాగారాయన.

"అమ్మా, పంచదార ఎయ్యలేదు."

"లేకపోతే ఏసుకో. చేతుల్లేవా?"

ఆయన నవ్వబోయి ఏడ్చేశారు. తర్వాత సీసా తీసి తన గ్లాసులో తనే పంచదార వేసుకున్నారు. వెనకాలే తడిసి వచ్చిన మేరీకీ, మిగతా కూలీలకూ కోటేశ్వరమ్మ గారే గ్లాసులు అందించారు. ఆ కోత అయిపోయింది. విజయవాడ హోమ్ మాట మళ్ళీ రాలేదు. రత్నం గారు పొన్నూరు వెళ్ళారు, కూతురి దగ్గర ఒక వారం ఉండి రావడానికి. ఆ వారం కింది భాగంలోనే పడుకుని అమ్మను చూసుకున్నది శ్రీనివాసరావు గారే. టీ పెడుతున్నంతసేపూ గడప మీద కూర్చున్నది కూడా ఆయనే.

ఆ రోజు అన్నీ మాకు కలిసొచ్చాయని నాకు తెలుసు. ఆమె ఒంటరిగా పొయ్యి వెలిగించడం ప్రమాదమే. తర్వాత, కాసేపటికి దానంతటదే గ్యాస్ ఆపేసే చిన్న పరికరం పెట్టించాం. పని చేతికివ్వడం అంటే జాగ్రత్త మానెయ్యడం కాదు. ప్రమాదాన్ని తగ్గించి, పనిని ఉంచడం.

ఇప్పుడు కోటేశ్వరమ్మ గారు టీ పెట్టడం లేదు. జబ్బు తన దారిన తను పోతూనే ఉంది, దాన్ని ఎవరూ ఆపలేరు. నన్ను చూస్తే "నర్సమ్మా" అంటారు. కానీ లంగా చేతికిస్తే మిగతాది తనే కట్టుకుంటారు. చెంబు చేతికిస్తే తన స్నానం తనే చేస్తారు, అరుపులు లేవు. రత్నం గారు పప్పులో పులుపు తగ్గించే వండుతున్నారు. "ఇప్పుడు అక్కకి కూడా ఇదే ఇష్టమంటమ్మా" అని ఒకసారి గుసగుసగా చెప్పి నవ్వారు. ఆ మధ్య వాళ్ళ వీధిలో ఇంకొక పెద్దాయనకు ఇలాంటి జబ్బే మొదలైతే, ఆ ఇంటికి వెళ్ళి "అన్నీ మీరే చెయ్యబాకండి" అని చెప్పి వచ్చింది కూడా ఆవిడే.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో ఒకటి మారింది. అంతకుముందు ఎవరు వచ్చినా, ఈయన ఏం చెయ్యలేకపోతున్నారు, ఈమె ఏం మరిచిపోతున్నారు అని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ఇంట్లోవాళ్ళను ముందుగా అడిగే ప్రశ్న వేరు. రోగిని చూసుకునేవాళ్ళ ముఖం కూడా చూస్తున్నాను, వాళ్ళు చెప్పలేనిది ఏదైనా ఉందేమోనని.

మొన్న పిడుగురాళ్ల నుంచి దంపతులు వచ్చారు. భర్తకు మతిమరుపు. ఆయన మాట్లాడే ముందే భార్య జవాబులు చెబుతున్నారు. కాసేపు విని, "ఆయన చేతిలోంచి మీరు ఏ పని తీసేసుకున్నారండీ?" అని అడిగాను.

ఆవిడ ఉలిక్కిపడ్డారు. భర్త నేల చూస్తూ కూర్చున్నారు.

"పొద్దున్నే పాలకి ఆయనే వెళ్ళేవారండీ" అన్నారావిడ.

"రేపు ఆయనతో మీరూ వెళ్ళండి. కానీ క్యాను మాత్రం ఆయన చేతికే ఇవ్వండి."

ఆయన తల ఎత్తారు.